ఎంగిలి

ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేసే అమాన్‌ను కుర్రాళ్లు ర్యాప్ గురువంటారు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం రైల్వే గోడ పక్కన వాళ్లను గుండ్రంగా నిలబెట్టి, చప్పట్ల మీద ఒక్కొక్కరి చేత సొంత మాటలు పలికిస్తున్నాడు. మైకుల్లేవు, పాడూ లేదు. కట్టుబాటు మాత్రం ఒకటుంది: ఒకరి మాట ఇంకొకరు పలికితే అది ఎంగిలి. ఎంగిలి చేసినవాళ్లు బయటికి పోవాల్సిందే.

ఈమధ్య అమాన్ గొంతు పాడైంది. గట్టిగా అరిస్తే ఉన్నది కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. తన తర్వాత ఈ గుంపు ఏమైపోతుందోనని ఒకటే దిగులు.

అలాంటి రోజుల్లో సిమ్రాన్ వచ్చింది. ఆడపిల్ల రావడం అదే మొదలు. అమాన్ సంబరం అంతా ఇంతా కాదు. పాపం, ఆ పిల్లకు రెండు ముక్కలు పలికేసరికే నోరెండిపోయింది. కంగారులో, ఎప్పుడో గోడ అవతల నిలబడి విన్నవేవో అనేసింది. అవి అమాన్ పాత మాటలు!

"ఎంగిలి!" అని అరిచాడు పెద్ద శిష్యుడు మారుతి. "అన్న మాట అన్న ముందరే అంటాండావే! పో బయటికి!"

సిమ్రాన్ కళ్లు తుడుచుకుంటూ వెనుదిరిగింది. ఇది పోతే ఇంకో ఆడపిల్ల ఈ గోడవైపు తొంగి చూస్తుందా? అమాన్‌కు ఒకటి గుర్తొచ్చింది. కట్టుబాటుకు రెండో సగం కూడా ఉంది, ఈ కుర్రకుంకలు చూసెరగరు. మాట సొంతదారుడే గుంపు మధ్యకు దిగి పాటలోనే ప్రశ్న వేస్తే, ఎంగిలి చేసినవాళ్లు సొంత మాటతో బదులిచ్చి నిలబడవచ్చు. కానీ దిగాలంటే గొంతు కావాలి కదా!

'పోతే పోనీ, దాచుకుని ఏం చేసుకుంటాను' అనుకుని అమాన్ చప్పట్లు కొడుతూ మధ్యలోకి వచ్చాడు.

"నా పాట పాడితివి, బాగుండాది బిడ్డా,
నీ పాట యాడ పెట్టి వస్తివి బిడ్డా?
మీయమ్మ యాడుండాది, ఏం జేస్తాది చెప్పు,
మేము ఈడ్నే ఉంటాము, నువ్వు నోరు విప్పు!"

చివరి మాటకు గొంతు చీలిపోయింది. సిమ్రాన్ ఆగింది. ముక్కు ఎగబీల్చి, ఇటు తిరిగింది.

"మాయమ్మ మదీనాబీ, కండెలు చుడతాది,
కోడి కుయ్యకముందే లేసి రాట్నం పడతాది,
ఈడికొచ్చినానని తెలిస్తే కొడతాది,
కొట్టినాక తానే మళ్లా అన్నం పెడతాది!"

గుంపంతా ఈలలు వేసింది. మారుతి కూడా వేశాడు, సిగ్గు లేకుండా!

"వచ్చే వారం రావచ్చా అన్నా?" అనడిగింది సిమ్రాన్.

అమాన్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. నవ్వుతూ తలూపాడు గానీ కళ్లలో నీళ్లు నిండాయి. అన్న గొంతు పోయిందని అర్థమై మారుతి ముఖం పాలిపోయింది.

"రావాల పాపా," అన్నాడు మెల్లగా. "రేపు నేను తడబడి నీ మాట అనేస్తే, పో అనకుండా ప్రశ్న అడిగేటోళ్లు ఒకరుండాల కదా."