ఎవరి కాళ్లు ఎవరు కడగాలి

మా తండా గుడిలో ఒక రాజు ఉండేవాడు. ప్రభువు గురించి కాదు, పాస్టర్ రాందాస్ గురించి చెబుతున్నాను. పెళ్లి మండపాల్లో వధూవరులను కూర్చోబెట్టే ఎర్ర మఖమల్ కుర్చీ ఒకటి కొత్తగూడెం నుంచి ట్రాలీలో తెప్పించి, ప్రసంగం బల్ల పక్కన వేయించుకున్నాడు. చేతులు పెట్టుకునే చోట రెండు సింహం తలలు. మేమంతా కింద చాపల మీద కూర్చుంటే, ఆయన ఆ సింహాలను నిమురుతూ సొలొమోను రాజు మహిమ గురించి చెప్పేవాడు.

ఆ కుర్చీకి దారి వేసింది మావాళ్లే. మా లంబాడీ తండాల్లో నాయక్ ఉంటాడు. పంచాయితీ కూర్చుంటే ఆయన మంచం మీద, మిగతావాళ్లు నేల మీద. ఆయన మాటకు తిరుగు లేదు. బూర్గంపాడు దగ్గర గోదావరిలో తండా సగం బాప్తిస్మం తీసుకున్న రోజున, మా నాయక్ దేవ్‌సింగ్ తన తెల్ల పాగా విప్పి, అందరూ చూస్తుండగా రాందాస్ తలకు చుట్టాడు. "ఇగ మా నాయక్‌వు నువ్వే" అన్నాడు. కొత్త దేవుడొచ్చాడు గానీ పాత మంచం ఎక్కడికీ పోలేదు.

బైబిల్లో ఇశ్రాయేలు పెద్దలు సమూయేలు ప్రవక్త దగ్గరికి వెళ్లి అడిగింది కూడా ఇదే. అందరికీ రాజున్నాడు, మాకూ కావాలన్నారు. రాజొస్తే మీ కొడుకులను తన రథాల ముందు పరుగెత్తిస్తాడు, మీ కూతుళ్లను తన వంటింట్లో పెట్టుకుంటాడని సమూయేలు మొత్తుకున్నాడు. వాళ్లు వినలేదు. అంగన్‌వాడీ టీచర్ని కాబట్టి గుడిలో వాక్యం చదివేది నేనే, కానీ ఏది చదవాలో చెప్పేది రాందాస్. ఆ అధ్యాయం చదవమని ఆయన ఏనాడూ చెప్పలేదు. ఎందుకు చెబుతాడు?

మా చెల్లెలు సోని కూతురు భాను ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది. క్రిస్మస్‌కు ఇంటికొస్తే రాందాస్ కళ్లు పిల్ల మీద పడ్డాయి. పాస్టరమ్మకు మోకాళ్ల నొప్పులట, నాలుగు రోజులు సాయానికి పంపండి, అది దేవుని సేవే అన్నాడు. మా మరిది కోటేష్ దండం పెట్టి మరీ కూతుర్ని జీపెక్కించాడు. ఆ నాలుగు రోజులు ఎండాకాలం దాకా సాగాయి. సోని కొత్తగూడెంలో పాస్టర్ ఇంటికి వెళితే గేటు దగ్గరే మాట్లాడించి పంపేశారు. చివరికి హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసింది. ఈస్టర్ మర్నాటి నుంచి పరీక్షలు, పిల్ల రాకపోతే సీటు ఇంకొకరికి పోతుందని చెప్పింది.

మట్టల ఆదివారం నాడు మేం ఈత మట్టలు పట్టుకుని ఎండలో నడుస్తుంటే రాందాస్ టాపు లేని జీపులో ముందు నిలబడి వచ్చాడు. ఆ రోజున ప్రభువు ఎక్కింది గాడిద పిల్లను, అదీ ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నదాన్ని. ఊరేగింపు అయ్యాక నేనూ సోనీ ఆయన దగ్గరికి వెళ్లాం.

"అయ్యగారూ, పిల్లను పంపండి. పరీక్షలున్నయి" అన్నాను.

"సౌలు రాజు ఎసుంటోడో దావీదుకు తెల్వదా, లాలీ? అయినా చెయ్యెత్తలే. అభిషేకం పొందినోడని భయపడ్డడు. నువ్వు నన్ను నిలబెట్టి అడుగుతున్నవ్."

"దావీదు చెయ్యెత్తలేదు, నిజమే. మరి అదే దావీదు రాజై తప్పు చేస్తే నాతాను ప్రవక్త వచ్చి మొఖం మీద్నే అడిగిండు గద. ఆయన్ను దేవుడు ఏమనలే."

ఆయన సోని వైపు తిరిగాడు. "దేవుని సేవల ఉన్న పిల్లను గుంజుకపోతనంటే పో. రేపు నీ ఇంట్ల ఏదన్న అయితే నన్నడగొద్దు."

సోని ముఖం పాలిపోయింది. కోటేష్ వచ్చి దాన్ని రెక్క పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నతల్లిని శాపం పెట్టి బెదిరించేవాడు కాపరి ఎట్లా అవుతాడు?

శుభ శుక్రవారానికి ముందు రోజు సాయంత్రం మా గుడిలో పాదాలు కడిగే ఆరాధన జరుగుతుంది. ప్రభువు పైవస్త్రం తీసి, తువ్వాలు నడుముకు కట్టుకుని, శిష్యుల ముందు వంగి కాళ్లు కడిగిన సంగతి నేను చదువుతాను. చదవడం అయ్యాక మేమంతా వరుసగా వెళ్లి పాస్టర్ కాళ్లు కడుగుతాం. అవును, మేమే ఆయన కాళ్లు కడుగుతాం. పెద్దమనిషి ఇంటికొస్తే చిన్నవాళ్లు కాళ్లు కడగడం తండాలో మర్యాద. మొదటి ఏడాది ఎవరూ చెప్పకుండానే దేవ్‌సింగ్ తాత లేచి వెళ్లి రాందాస్ కాళ్లు కడిగాడు. ఆయన వద్దనలేదు, కాళ్లు చాపాడు. అప్పటి నుంచి అదే ఆచారం.

ఈసారి పళ్లెం పట్టుకోవడానికి రాందాస్ భానును వెంట తెచ్చాడు. పిల్ల సగమైపోయింది. తల్లి ఎదురుగా ఉన్నా తల ఎత్తలేదు.

నేను వాక్యం చదివాను. దేవ్‌సింగ్ తాత అలవాటు ప్రకారం లేచి, నడుం పట్టుకుని, కుర్చీ ముందు కూలబడ్డాడు. రాందాస్ కాలు చాపాడు.

"తాతా, జరసేపు ఆగు. నేనిప్పుడు చదివిన దాంట్ల ఎవరు ఎవరి కాళ్లు కడిగిండ్రు?" అన్నాను.

"ప్రభువు కడిగిండు. శిష్యులయి."

"మరి నువ్వు చేస్తున్నదేంది?"

ముసలాయన తన చేతిలో ఉన్న పాదాన్ని చూసుకున్నాడు. "పెద్దోళ్లయి మనం కడగాలె గద, బిడ్డా" అన్నాడు. ఆ మాట సగంలోనే మెత్తబడింది.

రాందాస్ లేచి నిలబడ్డాడు. "లాలీ, నీకు మతి పోయిందా? వాక్యం చదివేదానివి చదివి కూసో."

ఆయన లేచింది నాకు మంచిదైంది. భాను చేతిలో పళ్లెం కింద పెట్టించి, పిల్లను ఆ సింహాల కుర్చీలో కూర్చోబెట్టాను. అది, "వద్దు పెద్దమ్మా, అయ్యగారు కొడతడు" అంది. గుడిలో అందరికీ వినబడింది. కాళ్లు లోపలికి లాక్కుంటుంటే నేనే పట్టుకుని ముందుకు చాపాను.

వేళ్ల సందులన్నీ తెల్లగా నాని, చీలి, పుండ్లు పడి ఉన్నాయి. పొద్దస్తమానం తడిలో నిలబడి అంట్లు తోమి, బట్టలు ఉతికే కాళ్లు అవి. నా కళ్లలో నీళ్లు రాలేదు. అంత కోపం వచ్చింది.

"చూడండి. నమ్మినోళ్లందరినీ దేవుడు రాజులను చేసిండని ఈయనే చెప్తడు గద. రాజు బిడ్డ కాళ్లు ఎట్లున్నయో అందరు వచ్చి చూడండి. మన రాజు ముళ్ల కిరీటం పెట్టుకున్నడు గాని, ఎవరి బిడ్డతోని అంట్లు తోమించుకోలే" అన్నాను.

"ఇది తిరుగుబాటు. దేవుడు చూస్తడు. రేపట్నుంచి ఈ గుడి తెరవను" అని రాందాస్ అరిచాడు.

"తాళంచెవి నా ఇంట్లనే ఉంటది" అన్నాడు దేవ్‌సింగ్ తాత, తల ఎత్తకుండా. ఆయన అప్పటికే భాను కాళ్ల మీద నీళ్లు పోస్తున్నాడు.

రాందాస్ వెళ్లిపోయాడు. ఆయన వెనకాల సగం మంది లేచి వెళ్లారు. ఆ పుండ్లు చూసి కూడా వెళ్లారు. కోటేష్ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు.

ఈస్టర్ నాడు ఆరాధన అయ్యాక మిగిలిన పెద్దలు నా దగ్గరికి వచ్చారు. దేవ్‌సింగ్ తాత చేతుల్లో ఉతికి మడత పెట్టిన ఇంకో తెల్ల పాగా ఉంది.

"బిడ్డా, తండాకు పెద్దదిక్కు ఒకరు ఉండాలె గద. ఇగ నువ్వే కూసో కుర్చీల" అన్నాడు.

నా నోటి నుంచి వచ్చిన మాట మర్యాదగా లేదు. "ఒక్క ముక్కన్నా బుర్రకెక్కిందా మీకు? ఒకడు దిగంగనే ఇంకొకరిని ఎక్కియ్యాలె. మన రాజు పొద్దుగాలనే సమాధిల నుంచి లేచిండని ఇప్పుడే గద పాడిండ్రు" అని విరుచుకుపడ్డాను. గోడకు ఆనించి ఉన్న పళ్లెం తెచ్చి వాళ్ల ముందు పడేశాను. "పెద్దరికం కావాలంటే దీన్ని పట్టుకోండి."

పెద్దలెవరూ దాన్ని ముట్టుకోలేదు. వెనక నిలబడ్డ కోటేష్ ముందుకొచ్చి పళ్లెం తీసుకుని ఇంటికి నడిచాడు. భాను అరుగు మీద ట్రంకు పెట్టె సర్దుకుంటోంది. కోటేష్ నీళ్లు పోసుకుని కూతురి ముందు కూర్చున్నాడు. కాళ్లు కడిగి, తుడిచి, వేళ్ల సందుల్లో మందు రాశాడు. సాయంత్రం బస్సుకు భాను హాస్టల్‌కు వెళ్లిపోయింది.

ఆ కుర్చీ మాత్రం ఇంకా గుడిలోనే ఉంది, తీసేద్దామంటే పెద్దలు నసుగుతున్నారు. ప్రతి ఆదివారం వాళ్ల చూపులు దాని వైపే పోతుంటాయి, నాకేమో ఒళ్లు మండుతుంటుంది.