నలభయ్యో జత

ఆ పిల్లల ఆసుపత్రి వరండాలో మనుషుల కంటే ముందు చెప్పులు క్యూ కడతాయి. గుండె డాక్టరు సముద్రం అవతలి మెయిన్‌ల్యాండ్ నుంచి విమానంలో మూడు నెలలకోసారి వస్తాడు. ఒక్క రోజు, నలభై మంది పిల్లలు, అంతే. అందుకని పొద్దున్నే వచ్చినవాళ్ళు బిడ్డ చెప్పులో తమ చెప్పులో వరసలో వదిలి, ఏ గోడ పక్కనో కూలబడతారు. ఎనిమిదింటికి ఆయా గవరమ్మ జతకొక టోకెన్ ఇస్తుంది. ఒకరి చెప్పులు ఇంకొకరు జరపకూడదు. రాసిపెట్టిన రూలేమీ కాదు గానీ, దాన్ని మీరినవాడు పోర్ట్ బ్లెయిర్‌లో లేడు.

కాదు, ఒకడున్నాడు. లోకనాథం. డైరీ ఫార్మ్ పేటలో సిమెంటు కొట్టు, నలుగురిలో పేరు, ఏ ఆఫీసులోనైనా పని చక్కబెట్టుకునే నోరు.

ఆరేళ్ళ కిందట గవరమ్మ ఆయా కాదు. తుష్నాబాద్ అనే పల్లెలో కూరగాయలు పండించుకునే మనిషి. గుండెలో రంధ్రమున్న కూతురు సాయిలక్ష్మిని మొదటి బస్సులో తీసుకొచ్చి, దాని గులాబీరంగు చెప్పులు నలభయ్యో చోట పెట్టింది. పిల్లకు మంచినీళ్ళు పట్టి వచ్చేసరికి అవి మెట్ల దగ్గర బోర్లా పడున్నాయి. కొడుకు ఆటలపోటీలకు గుండె బాగుందనే సర్టిఫికెట్ కోసం వచ్చిన లోకనాథం వాటిని కాలితో తోసేసి తన బూట్లు పెట్టాడు. అడిగితే నవ్వాడు.

"చెప్పులకేటి సీరియలు దీదీ? మనిషుండాల లైన్లో. మళ్ళీసారి రా."

మళ్ళీసారి తుపానుకు విమానాలు ఆగిపోయాయి. ఆ పైసారికి సాయిలక్ష్మి లేదు.

ఏడాది తిరక్కుండా గవరమ్మ అదే ఆసుపత్రిలో ఆయాగా చేరింది. పిల్లల సేవ, పుణ్యం అన్నారందరూ. పుణ్యమూ లేదు, పాడూ లేదు. లోకనాథం ఏదో ఒకనాడు ఈ గుమ్మానికి మళ్ళీ రాకపోడు. ఆనాడు టోకెన్లు తన చేతిలో ఉండాలి. ఆమె బతికిందే దానికోసం.

డాక్టరు వచ్చిన ప్రతిసారీ ఆమె కూతురి చెప్పులు తెచ్చి నలభయ్యో చోట పెట్టేది. దూరపు దీవుల నుంచి పడవ ఆలస్యమై, ఆఖర్న పరిగెత్తుకొచ్చే బిడ్డకు ఆ టోకెన్ ఇచ్చేది. ఈసారి సముద్రం బాగోలేక పడవే రాలేదు.

లోకనాథం వచ్చాడు. కొత్త తోలు చెప్పులు పన్నెండో చోట వదిలి, గవరమ్మను చూసీ చూడనట్టు దాటుకుని, గేటు బయట కారులోకెళ్ళి కూర్చున్నాడు. గుర్తుపట్టలేదు. గుర్తుపెట్టుకోవడానికి ఆమె ఏమైనా ఆఫీసరా? ఈసారి ఏ సర్టిఫికెట్టో అనుకుంది గవరమ్మ. ఎవరూ చూడకుండా ఆ జతను కాలితోనే, కావాలని కాలితోనే, మెట్ల కిందికి తన్నేసింది. ఆరేళ్ళుగా కడుపులో ఉడుకుతున్నది ఒక్కసారిగా చల్లబడింది. ఆ పూట చాయ్ కూడా తియ్యగా ఉంది.

ముప్పైతొమ్మిది టోకెన్లు అయిపోయాక లోకనాథం పరిగెత్తుకొచ్చాడు. వెనక అతని కూతురు రాజకుమారి, ఆమె భుజం మీద ఎనిమిది నెలల పాప. పాప పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. ఆ రంగు గవరమ్మకు డాక్టర్ల కంటే బాగా తెలుసు.

"దీదీ, పన్నెండోవి నా చెప్పులు! కనబడట్లేదు. దేఖో, పాపకి ఊపిరందట్లేదు!"

ఆరేళ్ళుగా దాచుకున్న మాట గవరమ్మ నోట్లోంచి దానంతటదే వచ్చింది. "చెప్పులకేటి సీరియలు భయ్యా? మనిషుండాల లైన్లో."

లోకనాథం ఆమె ముఖం చూశాడు. వరస చివర మిగిలిన చిన్న గులాబీరంగు జతను చూశాడు.

"తుష్నాబాద్. సాయిలక్ష్మి అమ్మని," అంది గవరమ్మ. "నీ చెప్పులు నానే తన్నీసాను."

"ఏటి నాన్నా? ఏటి చేసినావు నువ్వు?" అంది రాజకుమారి.

అతను గవరమ్మ కాళ్ళ మీదికి వంగాడు. ఆమె వెనక్కి జరిగింది.

"నా కాళ్ళు కాదు. ఆ చెప్పులు పట్టుకో. నా కూతురి చోటు నీ మనవరాలికి ఇస్తన్నాను, నీకు కాదు. చేత్తో తియ్యి. పిలిచేదాక పట్టుకుని నిలబడు. ఏటి చేసినావో నీ కూతురికి నువ్వే చెప్పు. నానిక్కడే ఉండి వింతాను."

ఉత్తి కాళ్ళతో, రెండు చేతుల్లో రెండు చిన్న చెప్పులతో లోకనాథం నాలుగు గంటలు నిలబడ్డాడు. అటుగా వెళ్ళిన తెలిసినవాళ్ళు ఆగి చూసిపోయారు. అతను గొంతు తగ్గించి చెప్పబోతే, "వినబడట్లేదు" అంది గవరమ్మ. మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. కథ పూర్తయ్యేసరికి రాజకుమారి పాపను ఇంకో భుజానికి మార్చుకుని, తండ్రికి రెండడుగులు దూరం జరిగింది.

డాక్టరు పాపను చూసి వెంటనే ఆపరేషన్ కోసం చెన్నైకి ఉత్తరం రాశాడు. "ఇంకో మూడు నెలలు ఆగుంటే ఈ పిల్ల మీకు దక్కేది కాదమ్మా," అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ గవరమ్మ ఆ మాట విని తన కాలు చూసుకుంది. పొద్దున చెప్పులు తన్నిన కాలు తనదే. లోకనాథం కాలికీ దానికీ తేడా ఏముంది? ఆ ఆలోచన తెచ్చిపెట్టినందుకు అతని మీద ఇంకా మండింది.

బయటికొచ్చిన లోకనాథం చెప్పుల జతను ఆమెకు అందిస్తూ ఏడ్చాడు. "మాఫ్ చెయ్యమ్మా."

"చెయ్యను," అంది గవరమ్మ. "ఆపరేషనయ్యాక మూడు నెలలకోసారి పాపని చూపించాల. వచ్చిన పెతిసారీ ముందు ఈ చెప్పులు నీ చేత్తో నలభయ్యో చోట పెట్టాల. నా పిల్ల పేరు పైకి చెప్పి పెట్టాల. నానున్నన్నాళ్ళూ."

అతను తల ఊపి, కాలే నేల మీద గెంతుతూ కారు దాకా వెళ్ళాడు. తోలు చెప్పులు మెట్ల కిందే ఉన్నాయి. ఎక్కడున్నాయో గవరమ్మ చెప్పలేదు.