మూడో తీగ, పది భాగాలు

సోమవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు డైరెక్టర్ చెయ్యెత్తి పాట ఆపాడు. ఆ పాట అదే చోట ఆగడం అది మూడోసారి.

"గిటార్," అన్నాడు ఆయన. "శ్రుతి మళ్లీ ఎక్కువగా ఉంది."

నాటకం వేదిక మీద నడుస్తుంది. వేదిక ముందు, నేల మట్టానికి కింద ఉన్న గోతిలో పదకొండు మంది కూర్చుని దానికి సంగీతం వాయిస్తారు. ఆగిన పాటలో పదకొండు మందిలో ఇద్దరికే పని: వయొలిన్, ఎలక్ట్రిక్ గిటార్. మిగతా తొమ్మిది మంది చేతులు కట్టుకుని వింటారు. శ్రుతి తప్పితే దాక్కోవడానికి చోటు ఉండదు.

గిటారిస్టుకి యాభై నాలుగేళ్లు. ఆ కుర్చీలో పందొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నాడు. బృందంలో అందరూ ఆయన్ని పట్టుకారు అంటారు. పేరు పెట్టింది డ్రమ్మర్. మొదటి రోజు ఆయనతో చెయ్యి కలిపాక డ్రమ్మర్ తన వేళ్లు అయిదూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకున్నాడని చెబుతారు.

పాట ఆగగానే గిటారిస్టు చెయ్యి మూడో తీగని బిగించే కీ మీదికి వెళ్లింది. కొంచెం తిప్పాడు. డైరెక్టర్ అది చూశాడు. మెట్లు దిగి వచ్చి, గిటార్ తలకి శ్రుతి చూపే మీటర్ తగిలించి, మూడో తీగని వేలు పెట్టకుండా ఖాళీగా మీటాడు. ఎర్రదీపం వెలిగింది. ముల్లు సున్నాకి పది గీతలు కింద నిలిచింది. ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే, అందులో పది.

"వాయించేటప్పుడు ఎక్కువ. ఇప్పుడు పది తక్కువ. ఇందులో మీ శ్రుతి ఏది?"

గిటారిస్టు కీ మీంచి చెయ్యి తీశాడు.

"కీలు ముట్టుకోనని మాటిచ్చారు."

"ఇచ్చాను సార్."

"మూడు వారాల్లో ఎన్నిసార్లు ముట్టుకున్నారు?"

గిటారిస్టు మీటర్ వైపు చూశాడు.

"మీరు చెప్పనక్కర్లేదు. అది చెబుతుంది." డైరెక్టర్ గిటార్ తల వైపు వేలు చూపించాడు. "గురువారం పదకొండింటికి రండి. మీరూ వయొలినూ మాత్రమే. ఈ పాట మొత్తం వింటాను. దాని చిట్టా కూడా తీసుకురండి. కుదరకపోతే శుక్రవారం నుంచి మీ బదులు రెండో గిటారిస్టు కూర్చుంటాడు."

'అది' అంటే గిటార్ తల వెనక బిగించిన యంత్రం. ఆరు కీలకి ఆరు మోటార్లు. బొటనవేలితో ఒక మీట నొక్కి, ఆరు తీగలూ ఖాళీగా ఒకసారి మీటితే మోటార్లు కీలని తిప్పి తీగలని సున్నాకి చేరుస్తాయి. పది సెకన్లు పడుతుంది. గోతిలో దీపాల వేడికి తీగలు దిగుతాయి. రంగానికీ రంగానికీ మధ్య ఇరవై సెకన్లే ఉంటాయి. అందుకే మూడు వారాల కిందట డైరెక్టర్ పట్టుబట్టి ఈ కొత్త గిటార్ పెట్టించాడు. మీట నొక్కిన ప్రతిసారీ యంత్రం ఒక నమోదు రాసుకుంటుంది: ఏ తీగ ఎంత తేడాలో దొరికింది, ఎన్ని గంటలకి. అది గిటారిస్టు ఫోన్లోకి చేరుతుంది. ఆయన దాన్ని ఒక్కసారీ తెరవలేదు.

భోజన విరామంలో డ్రమ్మర్ వచ్చి గిటారిస్టు పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఈ డైరెక్టర్ కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. పట్టించుకోకు."

"నువ్వు విన్నావు కదా. తేడా ఉందా లేదా?"

డ్రమ్మర్ నీళ్లు తాగాడు. సీసా మూత పెట్టాడు. "ఉంది," అన్నాడు.

"మరి?"

"నా వాయిద్యానికి మోటార్లు లేవు. అంతవరకు నా అదృష్టం. నీ చిట్టా అంతా దాని కడుపులో ఉందన్నా. ముందు దాని సంగతి చూసుకో."

*

యంత్రం బిగించింది గిటారిస్టు బావమరిది. భార్యకి తమ్ముడు. గిటార్లు బాగుచేసే దుకాణం ఆయనది, ఇరవై రెండేళ్ల నుంచి ఉంది. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి షట్టర్ ఎత్తేసరికి బావ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"పీకెయ్యి దీన్ని."

"కూర్చో బావా. ఏమైంది?"

"నేను సరిచేస్తాను, అది చెడగొడుతుంది. విరామంలో శ్రుతి చేసి పెట్టుకుంటాను. పాట ముందు మీట నొక్కగానే మూడో తీగ పైకి లాగేస్తుంది."

బావమరిది గిటార్‌ని బల్ల మీద పడుకోబెట్టాడు. మీట నొక్కాడు. ఆరు తీగలు ఖాళీగా మీటాడు. ఆరు దీపాలు ఆకుపచ్చగా వెలిగాయి. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు, ఫ్రెట్లు, మూడింటి దగ్గర చూపుడువేలు ఆనించి చూశాడు. మీటర్ ముల్లు ఒక్క గీతే కదిలింది.

"యంత్రంలో తప్పు లేదు బావా."

"అంటే నాలో ఉందా?"

"నేను అలా అన్నానా?"

"డైరెక్టర్ నీకు ఫోన్ చేశాడా?"

బావమరిది గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నిన్న సాయంత్రం చేశాడు. చిట్టా ఎలా చదవాలో అడిగాడు."

"చెప్పావా?"

"నేను చెప్పకపోతే అమ్మినవాణ్ణి అడుగుతాడు."

"చెరిపెయ్యి."

"చెరిపితే చెరిపినట్టు కూడా రాసుకుంటుంది. టైముతో సహా."

"ఇది యంత్రమా, మీ అక్కా?"

"అక్క టైము రాసుకోదు."

"రాసుకోదని నువ్వనుకుంటున్నావు."

గిటారిస్టు వెళ్లడానికి లేచాడు. అప్పుడు బల్ల చివర ఇంకో గిటార్ కనిపించింది. తల వెనక అవే ఆరు మోటార్లు. పట్టీ మీద పసుపు దారంతో కుట్టిన నక్షత్రం ఉంది. రెండో గిటారిస్టు పట్టీ అది.

"ఇది ఇక్కడికెందుకొచ్చింది?"

"ఏదో పని మీద వచ్చింది."

"ఏం పని?"

"ఒకరి పని సంగతి ఇంకొకరికి చెప్పను బావా. నీ సంగతి కూడా ఎవరికీ చెప్పను."

"డైరెక్టర్‌కి తప్ప."



ఆ సాయంత్రం ఇంట్లో గిటారిస్టు గోడ గడియారం ముందు నిలబడ్డాడు. కుడి చెవి మూసుకుని వెనక్కి అడుగులు వేశాడు. టిక్కుటిక్కు వినిపించడం ఆరో అడుగు దగ్గర ఆగిపోయింది. ఎడమ చెవి మూసుకుని మళ్లీ వేశాడు. ఏడు. మరోసారి చూశాడు. అయిదు, ఏడు.

"ఏం చేస్తున్నారు?" గుమ్మంలోంచి భార్య అడిగింది.

"టైము చూస్తున్నా."

"చెవి మూసుకునా?"

*

బుధవారం నాలుగు గంటలకు గిటారిస్టు మళ్లీ దుకాణానికి వెళ్లాడు. ఈసారి యంత్రం పీకించకుండా తిరిగి రానని ఇంట్లో చెప్పి బయల్దేరాడు. ఆయన వెళ్లేసరికి కూతురు అక్కడ ఉంది. ఆమెకి ఇరవై ఆరేళ్లు. వేరే బృందంలో గిటార్ వాయిస్తుంది. అలాంటి యంత్రం తన గిటార్‌కీ పెట్టమని మావయ్యని రెండుసార్లు అడిగింది.

"నువ్వెందుకొచ్చావు?"

"అమ్మ ఫోన్ చేసింది. గడియారం సంగతి చెప్పింది." చెయ్యి చాపింది. "ఫోన్ ఇటివ్వండి నాన్నా."

"ఎందుకు?"

"చిట్టా చూద్దాం. రేపు డైరెక్టర్ చూసేది ఇవాళ మనం చూస్తే తప్పేంటి?"

"అందులో ఏముందో నాకు తెలుసు."

"తెలిస్తే ఎందుకు భయపడుతున్నారు?"

ఆయన ఫోన్ ఇచ్చాడు. తాళం ఆమె పుట్టినతేదీయే. ఆమె యాప్ తెరిచి వేలితో పైకి తోస్తూ వెళ్లింది. చాలాసేపు తోసింది. బావమరిది చేతిలో వైర్లు అతికించే సోల్డరింగ్ గన్ అలాగే ఉంది. గిటారిస్టు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మొత్తం నూట ముప్పై ఎనిమిది నమోదులు," అంది ఆమె. "వాటిలో యాభై ఏడు చోట్ల పెద్ద తేడా ఉంది. మిగతావన్నీ ఒకటి, రెండు భాగాలు. అది వేడికి."

"యాభై ఏడు," అన్నాడు గిటారిస్టు. "అయిపోయింది."

"యాభై ఏడూ మూడో తీగే. యాభై ఏడూ కిందికే. పది, పది, తొమ్మిది, పది, పదకొండు, పది..." ఆమె తల ఎత్తింది. "మావయ్యా, చెవి పోయినవాళ్లకి తప్పు ఇలాగే వస్తుందా?"

బావమరిది గన్ పక్కన పెట్టి ఫోన్ అందుకున్నాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"రాదు. ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి. ఒకసారి ఇరవై, ఒకసారి మూడు. మీటర్ చూడకుండా యాభై ఏడుసార్లు ఒకేచోట ఆపాలంటే..."

"ఆపాలంటే?" అన్నాడు గిటారిస్టు.

"చెవి ఉండాలి బావా." ఫోన్ తిరిగిచ్చాడు. "నువ్వు శ్రుతి ఎలా చేస్తావు? చెయ్యి, చూస్తాను."

గిటారిస్టు గిటార్ ఒళ్లో పెట్టుకున్నాడు. తీగని ఖాళీగా మీటలేదు. ఎడమచేతి నాలుగు వేళ్లతో కార్డ్ పట్టాడు, అంటే నాలుగు తీగలని ఒకేసారి నొక్కాడు. కుడిచేత్తో మీటి, అదే చేత్తో మూడో తీగ కీ తిప్పాడు. మళ్లీ మీటాడు. తల ఊపాడు.

"ఎప్పుడూ కార్డ్ పట్టే చేస్తావా?"

"పాటలో పట్టేది కార్డే కదరా. ఖాళీ తీగతో నాకేం పని?"

బావమరిది మీటర్ తగిలించాడు. మూడో తీగ ఖాళీగా మీటితే ముల్లు పది కింద. అదే తీగని అదే కార్డ్‌లో కూతురు పట్టింది. తొమ్మిది కింద. బావమరిది పట్టాడు. తొమ్మిది కింద. గిటారిస్టు పట్టాడు. సున్నా. దీపం ఆకుపచ్చ.

"ఇంకోసారి," అన్నాడు బావమరిది.

సున్నా.

కూతురు వంగి తండ్రి వేళ్లు చూసింది. నాలుగు గోళ్లూ తెల్లబడి ఉన్నాయి. ఆయన నేర్చుకున్న గిటార్‌కి మెడ వంగిపోయి, తీగలు బొటనవేలు మందాన ఎత్తులో ఉండేవి. బలం అంతా పెట్టి నొక్కితే తప్ప పలికేవి కావు. తరువాత గిటార్లు మారాయి. చెయ్యి మారలేదు.

"పాత గిటార్‌లో ఫ్రెట్లు అరిగి పలకకి అంటుకుపోయాయి," అన్నాడు బావమరిది. "నువ్వు ఎంత నొక్కినా తీగకి దిగే చోటు లేదు. ఇందులో ఫ్రెట్లు ఎత్తు. నువ్వు నొక్కితే మూడో తీగ సాగి పది భాగాలు పైకి పోతోంది. అన్నిటికంటే ఎక్కువ సాగేది అదే. ఖాళీ తీగ సున్నా దగ్గర ఉందని యంత్రం సంతోషపడుతోంది. నీ చెవి ఆ పదీ ముందే తగ్గిస్తోంది. అది మళ్లీ పెంచుతోంది. మూడు వారాల నుంచి మీ ఇద్దరికీ ఇదే పని."

"నిన్న నువ్వు చూసి తప్పు లేదన్నావు."

"ఖాళీ తీగ చూశాను. తరువాత నా వేలితో చూశాను. ఇరవై రెండేళ్ల నుంచి అలాగే చూస్తున్నాను. గిటార్ ఎవరిదో వాళ్ల చేతిలో పెట్టి ఒక్కసారీ చూడలేదు." చెవి వెనక గోక్కున్నాడు. "ఆ డ్రమ్ములాయనకి పందొమ్మిదేళ్ల కిందటే తెలుసు, చూడు. పేరు కూడా పెట్టేశాడు."

కూతురు నవ్వింది. గిటారిస్టు నవ్వలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"మూడో తీగ చోటు పది కిందికి అని దానికి చెప్పొచ్చు. ఇకనుంచి అక్కడే ఆపుతుంది."

"ఆపుతుందని నమ్మకమేంటి?"

"పీకెయ్యమంటే పీకేస్తాను. అరగంట పని. నీ ఇష్టం."

గిటారిస్టు బల్ల చివరికి చూశాడు. పసుపు నక్షత్రం ఉన్న గిటార్ తల వెనక మోటార్లు లేవు. ఆరు రంధ్రాలు ఉన్నాయి. ఆ గిటార్ వచ్చింది మోటార్లు పెట్టించుకోవడానికి కాదు, తీయించుకోవడానికి.

"వాడెందుకు తీయించాడు?"

బావమరిది సోల్డరింగ్ గన్ మళ్లీ అందుకున్నాడు.

"గిటార్ తల బరువట నాన్నా," అంది కూతురు. "వాయిస్తుంటే ఎవరో వెనక నిలబడి రాసుకుంటున్నట్టు ఉందట. ఇందాక వచ్చినప్పుడు నాతోనే చెప్పాడు."

గిటారిస్టు తన గిటార్ తల తిప్పి చూశాడు.

"పది కిందికి అని చెప్పు దానికి," అన్నాడు.

*

గురువారం పదకొండు గంటలకు గోతిలో నలుగురు ఉన్నారు: డైరెక్టర్, వయొలినిస్టు, గిటారిస్టు, పిలవకుండా వచ్చిన డ్రమ్మర్. గిటారిస్టు ఫోన్ తెరిచి డైరెక్టర్‌కి ఇచ్చాడు.

"యాభై ఏడుసార్లు ముట్టుకున్నాను సార్. మాట తప్పాను."

డైరెక్టర్ చిట్టా చదివాడు. మీటర్ తగిలించి మూడో తీగ మీటాడు. ఎర్రదీపం వెలిగింది.

"ఇవాళ కూడా పది తక్కువ."

"ఖాళీ తీగ తక్కువే సార్. ఈ పాటలో ఖాళీ తీగ ఎక్కడుంది?"

డైరెక్టర్ స్టాండ్ మీది కాగితాలు తీశాడు. అయిదు పేజీలు. ఒక్కొక్కటే తిప్పాడు. చివరి పేజీ దగ్గర ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాడు.

"లేదు," అన్నాడు. "వాయించండి."

గిటారిస్టు మీట నొక్కాడు. మోటార్లు తిరిగాయి. వయొలినిస్టు విల్లు ఎత్తింది. పాట సోమవారం ఆగిన చోటికి వచ్చింది, దాటింది. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లకు ముగిసింది. డైరెక్టర్ చెయ్యి ఎత్తలేదు.

శుక్రవారం సాయంత్రం ఆరు గంటల ప్రదర్శనకి గిటార్ కుర్చీలో ఆయనే కూర్చున్నాడు. ఆ ప్రదర్శన చిట్టాలో ఏడు నమోదులు ఉన్నాయి. ఆరింటిలో తేడా లేదు. విరామంలో గిటారిస్టు చెయ్యి అలవాటుగా కీ మీదికి వెళ్లింది; ఏడు గంటల ఐదు నిమిషాలకు మూడో తీగ తన కొత్త చోటుకి మూడు భాగాలు కింద దొరికింది. యంత్రం దాన్ని పైకి లాగింది.