దొరగారి పిలుపు

ట్రంకు పెట్టెల మేస్త్రి ఇల్లెక్కడ అని ఆ వీధిలో ఎవరినైనా అడిగితే, చెయ్యెత్తి చూపించే శ్రమ కూడా పడేవారు కాదు. కాసేపు ఆగండి, అదే చెబుతుంది అనేవారు. అన్నంతలోనే మూలమీది మేడ కింది వాటాలోంచి ఒక అరుపు లేచేది. కొత్తవాళ్లయితే లోపల ఎవరికో ఏదో అయిందని పరుగున వచ్చేవారు. పాతవాళ్లు చెవుల్లో వేళ్లు పెట్టుకుని తమ దారిన తాము పోయేవారు.

ఆ అరుపు ఒక చిలుకది. దాని పేరు దొరగారు. పండు ముక్క అందిస్తే మెడ పక్కకి వాల్చి, ఇచ్చినవాణ్ని ఎగాదిగా చూసి, తర్వాతే దయతలిచి పుచ్చుకునేది కాబట్టి మేస్త్రి ఆ పేరు పెట్టాడు. బదిలీ మీద వెళ్తున్న ఒక ఆఫీసరు సామానుకు పెట్టెలు చేయించుకుని, వాటిని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు పంజరం షాపులో దించి, నాలుగు రోజులు చూస్తూ ఉండవయ్యా అన్నాడు. పెట్టెలు వెళ్లాయి, ఆఫీసరు వెళ్లాడు, చిలుక మిగిలింది. తిండి మానేసి ఈకలు పీక్కుంటున్న ఆ ప్రాణిని మేస్త్రి పనిబల్ల పక్కనే పెట్టుకుని, అరచేతిలో గింజలు పోసి, బతిమాలి బతికించి, ఆపైన ఇంటికి తెచ్చుకున్నాడు. ఇక అప్పట్నుంచి అది అతని మనిషి. అతను కనబడకపోతే అరిచేది, కనబడితే ఇంకా అరిచేది. సాయంత్రం అతను గుమ్మంలో కాలు పెట్టగానే రెక్కలు విదిలించి పంజరమంతా ఊపేసేది. తనని చూసి అంతగా పొంగిపోయే ప్రాణి లోకంలో ఇంకొకటి లేదని మేస్త్రికి తెలుసు. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, దాని కోసమే ఇంటికి కాస్త పెందలాడే వచ్చేవాడు.

మేడ పైన ఇంటి యజమాని కాపురం. మంచివాడే, కానీ ఆ ఇంట్లోకి కొత్తగా పసిబిడ్డ వచ్చింది. దొరగారు కూత పెట్టినప్పుడల్లా బిడ్డ ఉలిక్కిపడి గుక్కపెట్టి ఏడుస్తోంది, బిడ్డతోపాటు తల్లికీ నిద్ర లేదు. ఆయన ఒకరోజు మెట్లు దిగి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, కోపం లేకుండానే చెప్పాడు.

"ఈ నెలాఖరు దాకా చూస్తాను మేస్త్రీ. ఆ తర్వాత చిలుకో ఇల్లో, ఏది ఉంచుకుంటావో నువ్వే చెప్పు."

కోపంగా చెప్పి ఉంటే మేస్త్రి ఎదురు మాట్లాడేవాడు. మెల్లగా, నచ్చజెప్పే ధోరణిలో చెప్పేసరికి తలూపాడు. మేస్త్రి భార్య మాత్రం లోపల్నుంచే, పిట్టన్నాక కుయ్యదా, బిడ్డన్నాక ఏడవదా అని అందుకుంది. ఆవిడ గొంతు కూడా సామాన్యమైంది కాదు. వంటింట్లో నిలబడి మాట్లాడితే వీధి చివరి కొట్టువాడు తలెత్తి చూసేవాడు. ఆ కింది వాటాలో రెండు చిలుకలున్నాయనీ, ఒకదానికే పంజరం ఉందనీ మేడవాళ్లు నవ్వుకునేవారు.

మర్నాడు మేస్త్రి పంజరం పట్టుకుని పశువుల ఆస్పత్రికి వెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ పిట్టను కాదు, ముందు మేస్త్రిని పరీక్ష చేసింది. అది అరిస్తే మీరేం చేస్తారు అని అడిగింది. వెళ్లి నోర్మూసుకోమంటానండీ అన్నాడు. ఊరుకోకపోతే? ఇంకా గట్టిగా అంటాను. పంజరం మీద కొడతాను. అప్పటికీ ఊరుకోకపోతే గింజలు పెడతాను. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది.

"తిడుతున్నానని మీరు అనుకుంటున్నారు. పలుకుతున్నారని అది అనుకుంటోంది. అరిస్తే మనిషి వస్తాడని మీరే నేర్పారు."

తర్వాత ఆవిడ పద్ధతి చెప్పింది. అరిచినప్పుడు వెళ్లకూడదు, చూడకూడదు, తిట్టకూడదు. మెల్లటి చప్పుడు ఏది చేసినా, చిన్న ఈల లాంటిది, అది చేసిన మరుక్షణమే పలకాలి, వెళ్లాలి, గింజ ఇవ్వాలి. మొదట్లో ఇంకా ఎక్కువ అరుస్తుంది, అప్పుడు మనసు కరిగి వెళ్లారో మొత్తం పాడైపోతుంది అని హెచ్చరించింది. ఇదేమంత కష్టం కాదులెమ్మని మేస్త్రి పంజరం భుజానెత్తుకుని తిరిగొచ్చాడు.

భార్య ఆ పని చక్కగా పట్టుకుంది. అరుపుకు రాయిలా కూర్చునేది, ఈలకు వెంటనే ఈలతో జవాబిచ్చేది. రోజులు గడిచేకొద్దీ పగటిపూట ఇల్లు తెరిపిన పడింది. అది ఎంత చక్కగా ఈల వేస్తోందో, చివర్లో ఎలా సాగదీస్తోందో ఆవిడ ఎదురింటివాళ్లకు వర్ణించి చెప్పేది. కానీ సాయంత్రం మేస్త్రి ఇంటికి రాగానే కథ మొదటికి వచ్చేది. అతనున్నంతసేపూ ఒకటే అరుపు. అతను పళ్లబిగువున ఓర్చుకునేవాడు, చూసేవాడు కాదు, కదిలేవాడు కాదు. పిట్ట గొంతు చించుకునేది, పైన బిడ్డ ఏడ్చేది, నెల కరిగిపోతూ ఉండేది.

ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. నేను లేనప్పుడు నువ్వు అరుపుకి కూడా గింజలు పెడుతున్నావేమో అని అతను అనుమానపడ్డాడు. ఆవిడకు ఒళ్లు మండింది. ఈల వేసినప్పుడు మొహం తిప్పుకుని కూర్చునేది మీరు, మీ పరాకు మీది, నా మీద పడి ఏడుస్తారేం అని అరిచింది. అతను కూడా అలవాటుగా, ఎందుకలా అరుస్తావు, నేనేమన్నా చెవిటివాణ్నా అని కసిరాడు.

ఎవరి తప్పో తేల్చుకుందామని ఆదివారం ఉదయం పంజరానికి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. భార్య గదికి ఆ చివర బట్టలు మడత పెడుతోంది. దొరగారు కడ్డీ మీద ఒక పక్కకి జరిగి అతనికేసి చూసింది. గొంతు కింద ఈకలు చిన్నగా వణికాయి. ముక్కు సందు కాస్త విడింది, మూసుకుంది. మేస్త్రికి ఏమీ వినపడలేదు. పిట్ట ఆవులించిందనుకున్నాడు. అప్పుడే గది చివర భార్య మొహంలో నవ్వు కదిలింది. చేతిలో బట్ట వదిలేసి పంజరం వైపు తిరిగింది. అతను జవాబిస్తాడేమోనని చూస్తోంది.

దొరగారు కూడా చూస్తోంది. మళ్లీ గొంతు వణికింది, మళ్లీ ముక్కు విడింది. ఈసారి మెడ ముందుకు చాపి మరీ పిలిచింది. మేస్త్రి ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ లేదు. పిట్ట కాసేపు ఆగింది. ఆ తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చుకుని, ఇల్లదిరేలా అరిచింది. అది మాత్రం వినపడింది.

చూశారా, ఎంత ముద్దుగా పిలిచినా మీరు పలకలేదు అని భార్య అక్కణ్నుంచి గట్టిగా అంది. అతను చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

సెలవురోజైనా షాపు తెరిచి, తలుపు దగ్గరగా వేసుకుని లోపల కూర్చున్నాడు. అతనికి అసలేమీ తెలియదని కాదు. తెలిసిన సంగతిని తనకే తెలియకుండా దాచుకోవడంలో మనిషి గడుసుతనం అంతా ఇంతా కాదు. సినిమాలో ఆడవాళ్లు సన్నగా మాట్లాడితే కథ నచ్చలేదనేవాడు. షాపుకొచ్చినవాళ్లు గొణిగితే చేతిలో పని చూసుకుంటూ ఊఁ కొట్టేవాడు. లోకం అతన్ని పరాకు మనిషంది, కొందరు పొగరన్నారు. రెండూ అతనికి సమ్మతమే. తనకు పని నేర్పిన పెద్ద మేస్త్రి చెవులు పోయాక, వెనకనుంచి అందరూ వేళాకోళం చేస్తుంటే ఆయన అర్థంకాక వాళ్లతోపాటే నవ్వేవాడు. జీవితమంతా రేకు మీద సుత్తి వేసినవాడి చెవికి ఏమవుతుందో తెలిసీ, తనకు మాత్రం కాదని మేస్త్రి నమ్మాడు. ఆ నమ్మకం పుణ్యమా అని ఆ పిట్ట రోజూ మెల్లగా పిలిచి, పిలిచి, విసిగి అరిచింది. అందుకు అది ఇల్లు వదిలి పోవాలట. అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చినంత పనైంది.

లేచి చేతికందిన ప్రతిదాన్నీ తట్టి చూశాడు. మేకుతో రేకును గీకితే చప్పుడు లేదు. తాళంచెవులు ఊపితే లేదు. కొయ్య సుత్తితో ఖాళీ పెట్టె అడుగున మెల్లగా తడితే ఉంది, కడుపులోకి దిగేలా ఉంది. అంగిలికి నాలుక తగిలించి టొక్కుమనిపిస్తే అదీ ఉంది. నాలుక చప్పుడు పిట్టకు రాకుండా ఉంటుందా అనుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి కొత్త పాఠం మొదలైంది. పంజరం ముందు కూర్చుని టొక్, టొక్ అనేవాడు. దొరగారు ఎగాదిగా చూసేది, అరిచేది, అతను కదిలేవాడు కాదు. ఒకనాడు విసుగెత్తి అది ముక్కులోపల నాలుక ఆడించింది. పెద్ద చప్పుడేం కాదు, కానీ మేస్త్రి పంజరం మీదికి దాదాపు దూకాడు. గింజలు కాదు, జేబులో దాచిన పండు ముక్క మొత్తం ఇచ్చేశాడు. దొరగారు దాన్ని తినడం కూడా మరిచిపోయి మళ్లీ టొక్కుమంది.

భార్యకు ఇది బొత్తిగా నచ్చలేదు. డాక్టరమ్మ ఈల నేర్పమంది, పిట్ట బంగారంలాంటి ఈల నేర్చింది, దాన్ని చెడగొట్టి ఈ కారుతున్న కుళాయి చప్పుడేమిటని వంటింట్లోంచి కేకలేసింది. మేస్త్రి లేచి వెళ్లి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ ఈల నాకు వినపడదు."

ఆవిడ వేళాకోళం అనుకుంది.

"నిజం. ఆదివారం అది ఈల వేసిందని నీ మొహం చూసి తెలుసుకున్నాను. సన్నటి చప్పుళ్లు పోయి చాలా ఏళ్లయినట్టుంది. టొక్ అంటేనే అందుతోంది."

ఆవిడ చేతిలో గిన్నె పొయ్యి పక్కన పెట్టింది. చాలాసేపు అతని చెవులకేసే చూసింది, అక్కడేదో రాసి ఉన్నట్టు.

"మరి నేను పిలిస్తే?"

"గట్టిగా పిలిస్తే వినపడుతుంది."

ఆవిడ అక్కడే కింద కూర్చుండిపోయింది. పెళ్లైన కొత్తలో ఆవిడ మాట బయటికి వచ్చేదే కాదు. గోడతో మాట్లాడుతోందా అని అత్తగారు వెక్కిరించేది. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోయారు, ఇప్పుడు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"మొదట మెల్లగానే పిలిచేదాన్ని. మీరు తిరిగి చూసేవారు కాదు. నేనంటే లెక్కలేదనుకున్నాను. కోపం వచ్చి అరిస్తే పలికేవారు. ఇక అరవడమే అలవాటైపోయింది. చెవి అని ఒక్కసారి కూడా అనుకోలేదు. అంతా కోపం మీదే బతికాను."

అరిచినప్పుడల్లా ఎందుకలా అరుస్తావని కసిరింది కూడా తనేనని మేస్త్రికి తెలుసు. క్షమించమని అడగాలనుకున్నాడు, కానీ అన్నేళ్లకు సరిపోయే మాట అతని దగ్గర లేదు. వెళ్లి పక్కన కూర్చున్నాడు. చెవి డాక్టరుకు చూపించుకుంటానని మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా, అయితే అది తర్వాతి సంగతి.

నెలాఖరు సాయంత్రం ఇంటి యజమాని మెట్లమీద నిలబడి ఉండగా మేస్త్రి షాపునుంచి వచ్చాడు. రోజు మొత్తం మీద పిట్ట గొంతు పతాకస్థాయికి చేరే వేళ అదే. ఆయన బిడ్డను భుజాన వేసుకుని, ఇక అరుపు వచ్చేస్తుంది అన్నట్టు ఒక చేత్తో బిడ్డ చెవి మూశాడు. మేస్త్రి గుమ్మంలో ఆగిపోయాడు. దొరగారు రెక్కలు విదిలించింది. ఛాతీ నింపుకుంది. పంజరం ఊగింది. ఇంతలో ఏమనుకుందో, టొక్ అంది. మేస్త్రి టొక్ అన్నాడు. ఇద్దరూ అలా ఒకరికొకరు జవాబిచ్చుకుంటుంటే, ఆయన బిడ్డ చెవిమీంచి చెయ్యి తీసేసి, ఉండనీ మేస్త్రీ అని పైకి వెళ్లిపోయాడు.

ఆ సంతోషంలో మేస్త్రి భార్యతో, ఇక నువ్వు కూడా అరవక్కర్లేదు, ఎదురుగా నిలబడి మెల్లగా చెప్పు, మొహం చూసి తెలుసుకుంటాను అన్నాడు. ఆవిడ ప్రయత్నించింది. గొంతు తగ్గించి ఏదో అనబోతే మాట సగంలో బొంగురుపోయింది, మిగతా సగం పాత అరుపై బయటపడింది. మళ్లీ ప్రయత్నించినా అంతే. నాకిక రాదండీ అంది, ఆ మాట పై మేడకు కూడా వినపడింది. పిట్టకు నెలలో వచ్చింది ఆవిడకు రాలేదు. పిట్ట అరిచింది ఎన్నాళ్లని!

మర్నాడు ఉదయం ఆవిడ వంటింట్లో ఉంది. ఏదో కావాల్సి వచ్చి, ఎప్పటిలా ముందుగదిలోకి వినపడేలా పిలవడానికి నోరు తెరుస్తూ వెనక్కి తిరిగింది. మేస్త్రి అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఆవిడ మొహం చూస్తున్నాడు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలియదు. అరుపు ఆవిడ గొంతులోనే ఆగిపోయింది. ఎందుకు పిలవబోయిందో కూడా మరిచిపోయింది. కళ్లు నిండాయి, పెదవులు కదిలాయి.

"ఏం లేదు. ఊరికే పిలుద్దామని."

అతని చెవికి ఏమీ చేరలేదు. ఆవిడ ఎంత మెల్లగా అందో దాన్నిబట్టే అతనికి తెలిసింది.

"వచ్చానుగా," అన్నాడు.