మామగారి మర్యాద

లైబ్రరీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ మామగారి నోట ఎక్కువగా వినపడిన మాట "ఉష్!" ఒక్కటే. ఆయన ఎదుట కుర్చీ చప్పుడైనా తప్పే, గట్టిగా తుమ్మినా తప్పే. అలాంటి మనిషి నుంచి ఒక్క చప్పుడు ఎప్పుడొస్తుందా అని ఇప్పుడు వార్డు వార్డంతా చెవులు రిక్కించి కూర్చుంది.

పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ. నెలల తరబడి రక్తం పడుతుంటే, "వేడి చేసిందిలే" అని నీళ్లు తాగి దాటేశారు. ఉతకడానికి వేసిన ప్యాంటు మీద మరక చూసి, మొహమాటం గట్టున పెట్టి పరీక్షకు లాక్కొచ్చింది కోడలే. లోపలికి కెమెరా గొట్టం పంపి, చిన్న ముక్క తీసి చూసి డాక్టరమ్మ సంగతి తేల్చింది. గడ్డ ఉన్నంత మేర పేగు కోసేసి, మిగిలిన కొసలు రెండూ కలిపి కుట్టారు.

"కీమో కావాలో వద్దో రిపోర్టు వచ్చాక చూద్దాం. ముందు పేగు నిద్ర లేవాలి. గాలి పోతే లేచినట్టు. రేపటికీ పోకపోతే కుట్టు ఊడిందేమో చూడాలి, మళ్లీ కోయాల్సి రావచ్చు," అంది డాక్టరమ్మ.

ఇక కోడలు మంచం పక్క నుంచి కదిలితే ఒట్టు.

"ఏమైనా తెలిసిందా మామయ్యా?"

"లేదమ్మా."

గోడ వైపు చూస్తూ, పళ్లు బిగబట్టి చెప్పారాయన.

సాయంత్రం నర్సు వచ్చి పొట్ట మీద స్టెతస్కోపు పెట్టింది. "లోపలంతా గోలగోలగా ఉందే! బయటికెందుకు రావట్లేదో?"

కోడలు ఆయన మొహంలోకి చూసింది. లైబ్రరీలో తుమ్ము ఆపుకునేటప్పటి మొహం అది.

"మామయ్యా, నేనున్నానని ఆపుకుంటున్నారా?"

"కోడలి ముందు ఎలాగమ్మా?"

"బయటికి పొమ్మంటే పోయేదాన్నిగా!"

"పొమ్మంటే ఎందుకో నీకు తెలిసిపోదూ?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "మీ మర్యాద తగలెయ్య! ఇక్కడ నా ప్రాణం గిలగిల్లాడిపోతోంది. మీకేమన్నా అయితే నాకెవరున్నారు మామయ్యా?"

ఆయన కళ్లు తడిశాయి. కోడలి చెయ్యి పట్టుకున్నారు, కళ్లు మూసుకున్నారు, వదిలేశారు.

కిటికీ అద్దాలు అదిరాయంటే అతిశయోక్తే గానీ, పక్క మంచం మీద కునుకు తీస్తున్న పెద్దమనిషి మాత్రం ఉలిక్కిపడి లేచి "ఉష్!" అన్నాడు.

కోడలు గిర్రున తిరిగింది. "మీరూరుకోండి బాబాయిగారూ! మా మామయ్యను కానివ్వండి!"