ఫిరోజా గాజులు

గాజులు తీయడంలో హులిగెమ్మను మించినవాళ్లు కర్నూలులోని ఆ కాన్పుల ఆసుపత్రిలో లేరు. కాస్త సబ్బునురగ, బొటనవేలు లోపలికి మడిచి ఒక్క ఒడుపు, అంతే. గాజు చిట్లదు, చెయ్యి గీరుకోదు. ఇరవై రెండేళ్లుగా ఆపరేషనుకు పోయే గర్భిణులను బండి మీద తోసుకుపోతున్న ఆయమ్మ ఆమె. అరవై నిండాయి, ఈ రోజుతో ఉద్యోగం సరి. ఆ సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

పొద్దున మొదటి బండి మీద ఓర్వకల్లు రెజీనా. కడుపుతో ఉండగా షుగరు వచ్చిన పిల్ల. గాజులు తీయబోతూ హులిగెమ్మ ఆగిపోయింది. రెజీనా అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. నుదుటి మీదా చెమటే.

హులిగెమ్మ ఆ చేతిని వదలలేదు. పదకొండేళ్ల కిందట కల్లూరు ఫిరోజా చెయ్యి ఇట్లాగే ఉండింది. భయంతో పట్టిన చెమట అనుకుని, "ఏం గాదులే పాపా" అంటూ లోపలికి తోసేసింది. మత్తులో ఉన్న మనిషి తన బాధ చెప్పుకోలేదు కదా. రక్తంలో షుగరు అడుగంటిందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కింది, ఫిరోజా కళ్లు తెరవలేదు. ఆమె ఆకుపచ్చ గాజుల కోసం ఎవరూ రాలేదు. హులిగెమ్మే వాటికి దారం కట్టి థియేటర్ తలుపు పక్కన కొక్కేనికి తగిలించింది. తప్పు నీదేనని ఆ రోజు ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తుంది.

"ఎప్పుడు తింటివి పాపా?"

"రాత్రి నుంచి ఏం తినొద్దన్యారు గదవ్వా. తినలే."

"రాత్రేమి తింటివి?"

రెజీనా తలుపు బయట నిలబడిన అత్త విశ్వాసమ్మ వైపు చూసింది. "నిన్న పొద్దున్నుంచీ మా అత్తా, నేనూ ఉపవాస ప్రార్థనలో ఉండాం. కాన్పు సుఖంగా కావాలని. షుగరు సూది మాత్రం మానకుండా ఏసుకుంటి."

కడుపు ఖాళీగా ఉందా అని అందరూ అడిగారు. ఎప్పటి నుంచి అని ఒక్కరూ అడగలేదు. తిండి లేకుండా ఆ సూది వేసుకుంటే షుగరు మరీ పడిపోతుంది.

"ఇంకా ఎంతసేపు? డాక్టరు కాచుకోనుండారు!" లోపలి నుంచి నర్సు కేకేసింది.

ఆయమ్మ మాట ఎవరు వింటారు? అయినా హులిగెమ్మ బండిని గడపకు అడ్డంగా తిప్పి పెట్టింది.

"షుగరు చూడందే తోయను సిస్టరమ్మా. నిన్నటి నుంచి తినలేదంట, సూది ఏసుకుండాది. శానా చెమటలు పడతాండాయి."

నర్సు విసుక్కుంటూనే రెజీనా వేలు గుచ్చింది. షుగరు నలభై ఒకటికి పడిపోయింది. ఆ అంకె విని మత్తు డాక్టరే పరుగెత్తుకొచ్చి గ్లూకోజు ఎక్కించాడు. అప్పటికే రెజీనా మాట తడబడుతోంది. కాసేపటికి తేరుకుంది. మళ్లీ పరీక్ష చేసి, షుగరు కుదుటపడిందనుకున్నాకే మత్తిచ్చారు.

ఆ గంటసేపూ హులిగెమ్మ తలుపు దగ్గరే నిలబడింది, మంచినీళ్లు కూడా ముట్టలేదు. లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు, ఆ వెంటనే "తల్లి బాగుండాది" అన్న నర్సు మాట వినబడ్డాక గోడకు ఆనుకుని, ఎవరు చూస్తున్నారన్న సిగ్గు లేకుండా ఏడ్చేసింది.

సాయంత్రం తన నీలం డ్యూటీ కోటు మడిచి నర్సు బల్ల మీద పెట్టింది.

"రేపటి నుంచి నా బదులు పీరమ్మ వస్తాది సిస్టరమ్మా. గాజులు తీసేటప్పుడు చేతులు పట్టుకోని చూడమని చెప్పండి."

ఫిరోజా గాజులు వెంట తీసుకుపోదామని కొక్కెం దగ్గరకు వెళ్లింది. దారం విప్పబోయి, రేపు బండి తోసేవాళ్ల కళ్లబడనీ అనుకుని మానుకుంది. కొంగుతో వాటి మీది దుమ్ము తుడిచి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చల్లగాలికి ఆ ఆకుపచ్చ గాజులు ఒకదానికొకటి తగులుతున్నాయి.