బీడీల అక్కలు కాదన్న సినిమా

నేను ఒక తెరను. వెండితెర అని మురిసిపోతారే, ఆ గొప్పింటి చుట్టాన్ని కాను. సిరిసిల్ల మరమగ్గం మీద లంగాల కోసం నేసిన తెల్లగుడ్డను. దూస అనసూయ అనే దర్జీ నన్ను కొని, రెండు పన్నాలు కలిపి కుట్టి సినిమాకు ఎక్కించింది. కాబట్టి నాకు కాస్త పొగరుంటే తప్పు పట్టకండి.

అనసూయ ఏటా చిట్టి సినిమాల పండుగ చేస్తుంది. టికెట్టు లేదు, లాభం లేదు, శాలువాలు అసలే లేవు. పిల్లలు, ముసలివాళ్లు ఒకేచోట కూర్చుని చూడదగ్గ సినిమాలే వెయ్యాలన్నది ఒక్కటే పట్టు. వాటిని ఎంచేది బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు చుడుతూనే నా వైపు చూస్తారు. చేతులు వాటంతటవే ఆగిపోతే సినిమా నెగ్గినట్టు. ఆగకపోతే తీసినవాడు ఎంత పెద్దవాడైనా ఇంటికే. పట్నం నుంచి వచ్చిన కుర్ర దర్శకులు ఇది విని నవ్వుతారు, తరువాత ఆ చేతుల వంకే గుడ్లప్పగించి చూస్తారు.

ఈ ఏడు, పండుగ జరిగే ఫంక్షన్ హాలు యజమాని బుచ్చిలింగం అల్లుడు కూడా ఒక సినిమా తీశాడు. చాయ్ ఒలకబోసిందని మొగుడు పెళ్లాం చెంప పగలగొడతాడు, చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వుతారు. ఆ దెబ్బ నా మీదే పడింది. నాకు ఒళ్లు మండింది. ఒక్క చెయ్యి కూడా ఆగలేదు.

"కొడితే నవ్వుడేంది? గిది పోరగాండ్లకు చూపెడ్తమా?" అంది గౌరవ్వ, వాళ్లలో పెద్దావిడ.

"ముద్దుల్లేవు, బూతుల్లేవు. ఇంటిల్లిపాది చూసేదే గదా!" అన్నాడు అల్లుడు. పాపం, నిజంగానే అర్థం కాలేదు ఆ మహానుభావుడికి.

పండుగ రేపనగా నన్ను హాల్లో కట్టారు. బుచ్చిలింగం వచ్చాడు.

"హాలు నాది. మా అల్లుని సినిమా పడకుంటే ఏదీ పడది."

"హాలు నీ దగ్గర్నే ఉంచుకో సేటూ. పండుగ మాది," అంది అనసూయ.

అతని మనుషులు నన్ను లాగి బయట పడేశారు. నా మూల చిరిగింది. హాలు లేకపోతే పండుగ ఆగినట్టే అనుకున్నాడు పాపం. అనసూయ ఆ మూలకు తన చీర అంచు వేసి కుట్టింది. నాకు అందం పెరిగిందనే నా నమ్మకం.

మరునాడు ఆదివారం. ఒక మరమగ్గాల షెడ్డులో మగ్గాలు ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, పట్టపగలే చీకటి చేశారు. నన్ను గోడకు బిగించారు. మగ్గాల మధ్య సందుల్లో కూడా జనం కూర్చున్నారు. మొదటి సినిమా మొదలవుతుండగా బుచ్చిలింగం కూతురు స్వరూప వచ్చింది, ఆ అల్లుడి భార్య. ఎవరినీ పలకరించకుండా గౌరవ్వ పక్కన నేలమీద కూర్చుంది. కాసేపటికి తండ్రి గుమ్మంలోకి వచ్చాడు.

"స్వరూపా, లే. మీ ఆయన పరువేం గావాలె?"

ఆమె లేవలేదు.

"సినిమా అయినంక నీతోనే వస్త బాపూ. ఆయన తీసింది కత గాదు, మా ఇంట్ల సంగతి. ఇగ ఆ ఇంటికి పోను."

బుచ్చిలింగం గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. గౌరవ్వ తన చాట పక్కకు జరిపి, స్వరూపకు కాళ్లు చాపుకునే చోటిచ్చింది. అనసూయ సినిమాను మళ్లీ మొదటి నుంచి వేసింది.

రేపు నన్ను మసిగుడ్డ చేసినా బాధపడను. ఆ అల్లుడి సినిమా మాత్రం నా మీద రెండోసారి పడలేదు.